పిండి అయిపోయేదాక

కాజీపేటలో దిగేసరికి మూడున్నర.
కొత్త ఊరికి నేనెప్పుడూ పగలే చేరతాను.
గది ముందే కుదుర్చుకోను.
ఫోటోలో మంచం కనిపిస్తుంది, గల్లీ కనిపించదు.

ఏనుమాముల మార్కెట్లో కాంటాలకు ముద్రలేసే పని,
పన్నెండు రోజులు.
సంచిలో ఇత్తడి రాళ్లు, కిలో, అరకిలో, పావు.
పది గ్రాముల తేడా వచ్చినా పట్టేస్తాను.
వీధిని తూచే రాయి మాత్రం
మా ఆఫీసు ఇవ్వలేదు.

స్టేషన్ ఎదురు లాడ్జిలో
"ఒక్కరేనా మేడం?" అన్నాడు.
అడగడంలో తప్పు లేదు.
అడిగాక వెనకున్న ఇంకొకడి మొహం చూశాడు.
పెన్ను తిరిగిచ్చేసి బయటికొచ్చాను.

ఆటో రాజమొగిలికి పని అర్థమైంది.
"పెద్ద బంగళాల దిక్కు మస్తు సేఫు" అని
హన్మకొండలో ఒక కాలనీకి తీసుకుపోయాడు.
నిజమే. చెట్లు, ప్రహరీలు, గేటు గేటుకూ తాళం.
నేను అరిస్తే ఏ తాళం తెరుచుకుంటుందో తోచక
పోనీ పోనీ అన్నాను.

నా లెక్కలు నావి.
దండెం మీద ఆడవాళ్ల బట్టలు వీధివైపే ఆరేశారా,
చీర కింద దాచి ఆరేశారా.
మందుల షాపు ఎప్పటిదాకా తెరిచుంటుంది.
ట్యూషన్ నుంచి వచ్చే పిల్లలు
పాన్ డబ్బా దాటేటప్పుడు
ముచ్చట ఆపుతున్నారా, లేదా.
చాలాసార్లు ఈ ఒక్కటే సరిపోతుంది.
కరీంనగర్‌లో ఒకసారి లెక్క తప్పింది.
అది ఇక్కడ రాయను.

పొద్దు గూకేటప్పుడు, నయీంనగర్ వెనక
ఒక సందు మొదట్లో
కట్టెల పొయ్యి, పెనం, రొట్టె చరిచే చప్పుడు.
ఆటో ఆపించి, నిలబడే తిన్నాను, ఎర్రకారంతో.
"అవ్వా, ఎన్నింటిదాక ఉంటవు ఈడ?"
"పిండి అయిపోయేదాక."
"ఎన్నింటికి అయిపోతది?"
తలెత్తి చూసింది. "నువ్వు ఇంకోటి తింటే జల్ది అయిపోతది."

ఆ పొయ్యికి ఎదురు మేడ మీదే గది దొరికింది.
ఇంటావిడ రిటైరైన నర్సు.
ఆమె అడిగింది ఒకే ప్రశ్న: "వేడినీళ్లు కావాల్నా?"
సరైన తూకం అనుకుని
మనసులో ముద్ర వేసేశాను.

తొమ్మిదికి కిటికీలోంచి చూస్తే
నిప్పుల మీద నీళ్లు చల్లుతోంది ఐలవ్వ.
బుస్సుమని పొగ.
అందులోంచే పైకి చూసి
"బిడ్డా, పండుకున్నవా?" అంది.
"ఆ మలుపు దాటేదాక నాతోని రారాదు.
లైటు పోయి నెల అయితాంది.
ముసల్దాన్నని నీకు ఎరుకైతది గని
చీకట్ల ఎవనికి ఎరుకైతది?"

నేను ఆమెను చూసి గల్లీని నమ్మాను.
ఆమె నా కిటికీని చూస్తూ
ఎంతసేపు కూర్చుందో.

చెప్పులేసుకుని దిగాను.
ఆమె నెత్తి మీద గుడ్డ చుట్టిన పెనం, ఇంకా వేడిగా.
నా చేతిలో పిండి డబ్బా.
మలుపు దగ్గరికి రాగానే
కోడలి గురించి, జొన్నల ధర గురించి
అవసరానికన్నా గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టింది.
రెండు నిమిషాలకు నాకు తెలిసొచ్చి
నేనూ గొంతు పెంచాను.
జొన్నల ధర నాకేం తెలుసు,
మిర్చి ధర చెప్పాను.

మెయిన్ రోడ్డు మీద రెండు ఆటోలు పోనిచ్చి
ఇద్దరు ఆడవాళ్లున్న మూడోది ఎక్కింది.

తిరుగుదారిలో నేనొక్కదాన్నే.
మోగని ఫోను చెవికి పెట్టుకుని
"ఆఁ, వచ్చేసిన, మెట్ల కాడ ఉన్న" అంటూ
మలుపు తిరిగాను.
నర్సమ్మ వంటింట్లో లైటు ఇంకా వెలుగుతోంది.

పన్నెండు రోజులూ
తొమ్మిదింటికే ఐలవ్వ పిండి అయిపోయింది.
నాకు ఒంట్లో బాగాలేని రోజు మాత్రం
ఎనిమిదిన్నరకే కింద నుంచి పిలిచింది,
"అయిపోయిందే బిడ్డా, పోదాం పా."
డబ్బా అందుకున్నాను.
కాంటా అక్కర్లేదు, చేతికే తెలుస్తుంది నాకు:
కిలోకు పైనే ఉంది.